సంజీవదేవ్ ఉత్తరాలను కాపాడండి: సాంస్కృతిక శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

సంచాలకులు గారికి నమస్కారం.

సంజీవదేవ్ గారి గురించి రాస్తున్నాను. 1914లో పుట్టి, హిమాలయాల్లోని కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర కొంతకాలం గడిపి, తిరిగి దుగ్గిరాల పక్కనున్న తుమ్మపూడికే వచ్చేసి, బొమ్మని ఎలా చూడాలో 1999లో పోయేదాకా తెలుగులో చెబుతూనే ఉన్న మనిషి. ఆధునిక చిత్రకళ గురించి మాట్లాడుకోవడానికి మనకి మాటలిచ్చింది ఆయనే అని నా నమ్మకం. ఉత్తరాలైతే లెక్కలేనన్ని రాశారు.

పోయిన నెల పాత పుస్తకాల షాపులో ఆయన ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలు చెదలు తినేశాయి. ఫైన్ ఆర్ట్స్ చదివే మేనకోడలికి ఇస్తే "ఈయనెవరు మామయ్యా?" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ.

ఆ ఉత్తరాలు ఎవరెవరి బీరువాల్లోనో ఉండే ఉంటాయి. వాటిని సేకరించి స్కాన్ చేయించండి, పుస్తకాలు చవగ్గా మళ్లీ వేయించండి. చెదల కంటే ముందే మీరు చేరుకోవాలి.