అనంతగిరి ఘాట్‌లో ఒక్క కొళాయి పెట్టించండి

సంపాదకుడు గారికి,

నాకు యాభై నాలుగేళ్లు. పోయిన మే నెలలో సైకిల్ మీద విజయనగరం నుంచి అరకు వెళ్లాను. ఎండాకాలంలో ఇదేం సరదా అని మా ఆవిడ ముందే తిట్టింది. ఆ తిట్లు ఆవిడకే వదిలేసి అసలు విషయం చెబుతాను.

గుడారం, దుప్పటి, పంక్చరు సామాను, నాలుగు లీటర్ల నీళ్లు. సైకిలు కాకుండా లగేజీయే పద్నాలుగు కిలోలు. కిరాణా కొట్టు కాటా మీద తూచి చూసుకున్నాను. తెల్లారకుండానే బయల్దేరితే ఎస్.కోటలో ఇడ్లీ తినే వేళకి ఇంకా చల్లగానే ఉంది. బొడ్డవర దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కుడు మొదలైంది. పది గంటలకల్లా ఒకపక్క కొండరాయి సెగ, ఇంకోపక్క లారీల పొగ. చెమట కళ్లలోకి కారుతుంటే మలుపు ఎటు తిరుగుతుందో కూడా కనిపించలేదు. ఆఖరి గేరులో కూడా తొక్కలేక దిగి తోశాను. తోయడం తొక్కడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది.

పదకొండున్నరకి సీసాలు ఖాళీ. కల్వర్టు కింద గెడ్డలో రాళ్లే తప్ప తడి లేదు. వెనక్కి వెళ్లినా ముందుకి వెళ్లినా దుకాణం దూరమే. లోయ అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం మోసుకొస్తున్న గూడ్సు కూత వేసింది. ఆ కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయి. నాకు ఒక్క సొరంగం నీడ దొరికినా చాలనిపించింది. పిక్కలు పట్టేసి కల్వర్టు గోడ మీద కూలబడ్డాను.

పనసకాయలు నెత్తిన పెట్టుకుని దిగుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. "నీళ్లు కావాలేటి బాబూ?" అని అడిగి, బరువు దించి, రోడ్డు పైన గట్టెక్కించి చెట్ల మధ్యకి తీసుకెళ్లారు. మహా అయితే రెండు వందల అడుగులు. అక్కడ ఊట. వెదురుబద్దను దోనెలా పెట్టారు, మండు వేసవిలో కూడా వేలు లావున ధార పడుతోంది. కడుపు నిండా తాగి, తల తడుపుకుని, సీసాలన్నీ నింపుకున్నాను. తాము కూడా సంతకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఇలా గట్టెక్కే తాగుతామని, ముసలివాళ్లు ఎక్కలేక దాహంతోనే నడుస్తారని చెప్పారు.

ఏజెన్సీలో ఎన్నో ఊళ్లకు కొండ ఊట నీళ్లే పైపుల్లో దించి ఇస్తున్నారు. మోటారు వద్దు, కరెంటు వద్దు. అలాంటి పైపు ఒకటి ఈ ఊట నుంచి రోడ్డు దాకా వేసి, చివర కొళాయి బిగిస్తే నడిచేవాళ్లకీ, బండి వేడెక్కి ఆగిపోయినవాళ్లకీ పనికొస్తుంది. వ్యూ పాయింట్లకి రెయిలింగులు, రంగులు వేయించే అధికారులకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అయితే ముందు ఆ ఊట వాడుకునే ఊరి వాళ్లని అడిగి, వాళ్ల అవసరం పోగా మిగిలిన నీళ్లే దించాలి.

చోటు చూపించమంటే నేనే వస్తాను. ఈసారి మాత్రం బస్సులో.

- ఒక పాఠకుడు, విజయనగరం