బావా, ఆస్థాన కవినయ్యేవాణ్ణి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పాప ఐదో తరగతికొచ్చింది, మేం అలిపిరి వైపు ఇల్లు మారాం. ఇంతే సంగతులు. అసలు విషయం నీకు చెప్పకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు.

వచ్చే శనివారం మా కాలేజీ ఛైర్మన్‌గారి అరవయ్యో పుట్టినరోజు. పది రోజుల కిందట మేనేజరు రూముకు పిలిచి, "తెలుగు సార్, ఐదు పద్యాలు కావాలి. స్టేజి మీద మిమ్మల్ని మన కాలేజీ ఆస్థాన కవిగా ప్రకటించి శాలువా కప్పుతాం" అన్నాడు. ఒక కాగితం కూడా చేతిలో పెట్టాడు. ఆయన పేరు, అమ్మగారి పేరు, రెండు రైసు మిల్లులు, ఒక కల్యాణ మండపం. అన్నీ పద్యాల్లో రావాలట.

నిజం చెప్తున్నా, నాకు చాలా సంతోషమేసింది. ఆ మాట వినగానే చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారే కళ్లముందు మెదిలారు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు ప్రభుత్వం ఆస్థాన కవిని చేసింది ఆయన్నే కదా. ఆయనా దివాకర్ల తిరుపతి శాస్త్రిగారూ జంటగా, తిరుపతి వెంకట కవుల పేరున రాసిన ఉద్యోగ విజయాలు నాటకం మనం హాస్టల్లో వేసిన రాత్రి గుర్తుందా? నువ్వు "బావా ఎప్పుడు వచ్చితీవు" అని ఎత్తుకోగానే కరెంటు పోవడం, చీకట్లో ఆ చీపురుపుల్లల నెమలిపింఛం... వార్డెన్‌కి చెప్పింది నేను కాదు, ఇప్పటికీ ఒట్టు.

సరే. మొదటి రెండు ఉత్పలమాలలు గంటలో వచ్చేశాయి. మూడోది శార్దూలం, నీ "బావా ఎప్పుడు" పద్యం ఛందస్సే. నీ రాగంలోనే పాడుకుంటూ గణాలు కూర్చుకుంటున్నా. "ప్పుడు వచ్చితీవు" ఉన్న చోట ఒక మాట కావాలి. సగణం, జగణం. "కరుణాసముద్ర" అని పడింది. కొలిచి కోసినట్టు కూర్చుంది బావా! రాసేసి, పెన్ను పక్కన పెట్టి, నీళ్లు తాగడానికి లేచాను.

అప్పుడు గుర్తొచ్చాడు మా అటెండరన్న. ముప్పై ఒక్కేళ్లుగా ఆ రైలుపట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో గంట కొడుతున్న మనిషి. నిరుడు డెంగ్యూ వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో పడుంటే, ఆ పన్నెండు రోజుల జీతం కోసేశారు. ఆ కాగితం మీద సంతకం మా ఛైర్మన్‌గారిదే. ఆయన్నే నేను కరుణాసముద్రుడన్నాను.

మళ్లీ కూర్చుని అదే రాగం ఎత్తుకున్నా. ఈసారి నోట్లోకి వేరే పద్యం వచ్చింది: "రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు". ధూర్జటి! అదీ శార్దూలమే. నా "కరుణాసముద్ర" ఉన్న చోట సరిగ్గా ఆయన "త్తులు వారి సేవ" ఉంది. మన పక్కనున్న కాళహస్తి కవి, రాయలవారి అష్టదిగ్గజాల్లో ఒకడంటారు. రాజుగారి నీడలో ఉన్నాడన్న పేరున్న మనిషే ఆ మాట అన్నాడు. ఒళ్లు జలదరించింది. రెండు ఉత్పలమాలలూ చించేశాను.

పదవి చెడ్డదని కాదు బావా. దాశరథిగారు నిజాం జైల్లో గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన మనిషి. 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవి అయ్యారు. 1983లో ప్రభుత్వం ఆ పదవినే తీసేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఒక కవిని రాష్ట్రం నెత్తిన పెట్టుకుంటే ఏం పోతుంది? ఫలానాది రాయమని చెప్పకుండా ఉంటే చాలు. నువ్వు క్లాసులో చెబుతుంటావే, ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ సంగతి. 1843లో, డెబ్బై మూడేళ్ల వయసులో, బ్రిటన్ ఆస్థాన కవి పదవిస్తామంటే మొదట వద్దన్నాడని, ఏమీ రాయనక్కర్లేదని ప్రధాని పీల్ మాటిచ్చాకే ఒప్పుకున్నాడని. అప్పట్లో నాకది ముసలాయన మొండితనంలా అనిపించింది. ఇప్పుడర్థమైంది ఆయన ఏం అడిగాడో.

శుక్రవారం వెళ్లి చెప్పేశా. చేతులు వణికాయి, టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. "ఛైర్మన్‌గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు మనసారా చెప్తాను. పద్యం మాత్రం అటెండరన్న మీద రాస్తాను, ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు" అన్నా. మేనేజరు చాలాసేపు ఆ కాగితాన్నే మడిచి విప్పాడు. "చూద్దాం సార్" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. మా ఆవిడ మాత్రం, ఉద్యోగం పోతే...

కరెంటు పోయింది రా. కొవ్వొత్తి వెలుగులో రాస్తున్నా. అన్న మీద పద్యం మూడు పాదాలొచ్చాయి. నాలుగో పాదంలో గంట మోగాలి, యతి కుదరడం లేదు. నీకేమైనా తడితే వెంటనే రాయి, శనివారంలోపు అందేలా.