తాళాలు ఎప్పుడిస్తారో తేదీ చెప్పించండి

బ్రిటన్ గృహనిర్మాణ మంత్రి గారూ,

షేర్డ్ ఓనర్‌షిప్ కింద కొత్త ఇంట్లో 40 శాతం వాటా కొంటున్నాం, మిగతా 60 శాతానికి హౌసింగ్ అసోసియేషన్‌కు, అంటే అందుబాటు ధరలో ఇళ్ళు సమకూర్చే లాభాపేక్ష లేని సంస్థకు, అద్దె కడతాం. ఇల్లు లేచింది, రోజూ బస్సులోంచి చూస్తూనే ఉన్నాను, కిటికీల మీద స్టిక్కర్లు కూడా ఇంకా తీయలేదు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ మూడుసార్లు వాయిదా వేశారు. మార్ట్‌గేజ్ ఆఫర్, అంటే బ్యాంకు ఇస్తానన్న ఇంటి లోను, చెల్లేది ఆరు నెలలే, అది దాటితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి, అప్పటికి వడ్డీ ఎంతుంటుందోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఇప్పుడుంటున్న అద్దె ఇంటికి నోటీసు ఇవ్వాలా వద్దా, పాపను ఏ బడిలో వేయాలి, ఏదీ తేలడం లేదండీ. మాకేమో 28 రోజుల్లో ఒప్పందం మీద సంతకాలు చేయాలని గడువు పెట్టారు. ఇల్లు కట్టేవాళ్ళకూ ఒక ఆఖరి తేదీ ఉండాలి, అది దాటితే మాకయ్యే ఖర్చు వాళ్ళే భరించాలి. ఆ మాట ప్రతి ఒప్పందంలో తప్పనిసరి చేయండి.