రద్దయిన విమానం, తెలియని హక్కు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి పురుటికి అమెరికా బయలుదేరిన నాకూ నా భార్యకూ, శంషాబాద్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ ముద్ర కూడా పడిన తరువాత, విమానం రద్దయిందన్న కబురు అందింది. ఆ ముద్రను అధికారులు రద్దు చేసి, సామాను తిరిగి మా చేతికి వచ్చేసరికి తెల్లవారింది. కౌంటరులోని సిబ్బంది టిక్కెట్టు సొమ్ము వాపసు తీసుకొమ్మని మాత్రమే చెప్పారు. తొందరపడి ఒప్పుకొని ఉంటే అప్పటికప్పుడు కొత్త టిక్కెట్లకు ఎంతో ఎక్కువ ధర పెట్టవలసి వచ్చేది.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం సొమ్ము వాపసా, మరో విమానమా అన్నది ప్రయాణికుడు కోరుకోవలసిన విషయం. విమానాశ్రయానికి చేరినవారికి, మరో విమానం కోసం వేచి ఉన్నంతసేపు ఆహారం విమాన సంస్థే సమకూర్చాలి. ముందుగా తెలియజేయకుండా రద్దు చేస్తే, వాతావరణం వంటి చేతిలో లేని కారణాలను మినహాయించి, పరిహారమూ చెల్లించాలి. అయితే రెండు గంటలకు మించిన ప్రయాణాలకు దాని గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలే. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన నిబంధన సుదూర ప్రయాణాలకు 600 యూరోల వరకు ఇప్పిస్తోంది. మన పరిమితిని పెంచడం న్యాయమని నా అభిప్రాయం.

దారిలో ఒక విమానం దిగి మరో సంస్థ విమానం ఎక్కవలసి ఉండి, ఆ రెండింటికీ వేర్వేరుగా టిక్కెట్లు కొన్నవారి కష్టం ఇంకా పెద్దది. మొదటి విమానం రద్దయితే రెండవ సంస్థకు బాధ్యత ఉండదు. పిల్లల దగ్గరకు ఒంటరిగా వెళ్లే పెద్దలు ఎందరో ఉన్నారు కనుక, శంషాబాద్, గన్నవరం, విశాఖ విమానాశ్రయాల్లో ప్రతి చెక్ఇన్ కౌంటరు వద్ద ఈ హక్కులను తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్