మన బీమా ఏజెంట్ల సంఘం వార్షిక నివేదిక, 2025–26: సభ్యుల వృత్తి శిక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

శ్రీకాకుళంలో జరుగుతున్న ఈ సర్వసభ్య సమావేశం ముందు గడిచిన సంవత్సరపు నివేదికను ఉంచుతున్నాను. జమాఖర్చులను కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు కనుక, కార్యవర్గం ఎక్కువ శ్రమ పెట్టిన ఒక్క పనికే, అంటే సభ్యుల శిక్షణకే, నేను పరిమితమవుతాను. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పాలకొండ వైపు సభ్యులు పార్వతీపురం మన్యం జిల్లా పరిధిలోకి వెళ్లినా, తరగతులకు మానకుండా వస్తూనే ఉన్నారు. వారి సభ్యత్వాన్ని యథాతథంగా కొనసాగించాలని కార్యవర్గం తీర్మానించింది.

ఈ బాధ్యతను మనమే ఎందుకు తలకెత్తుకోవలసి వచ్చిందో కొత్త సభ్యులకు చెప్పాలి. 2000 నాటి నిబంధనల కింద ఏజెంటు లైసెన్సు మూడేళ్లు మాత్రమే చెల్లేది, దాన్ని పునరుద్ధరించుకోవాలంటే 25 గంటల శిక్షణ పొంది ఉండాలి. ఆ గంటల్లో కొన్ని హాజరు పట్టీ మీద సంతకాలతోనే గడిచిపోయేవని పాత సభ్యులకు తెలియనిది కాదు, అయినా పేరుకైనా ఒక నియమం ఉండేది. 2015లో బీమా చట్టాన్ని సవరించిన తర్వాత, 2016 నిబంధనలతో లైసెన్సు పోయి కంపెనీ ఇచ్చే నియామక పత్రం వచ్చింది. ఏజెంటు కావడానికి రాసే ఐసీ–38 పరీక్షలో ఒక్కసారి గట్టెక్కినవారు మళ్లీ పుస్తకం తెరవకుండానే ఏళ్ల తరబడి వృత్తి సాగించే వీలు అప్పటినుంచి ఏర్పడింది. కంపెనీలు శిక్షణ ఇవ్వడం లేదని అనను. కానీ కొత్త పాలసీని ఎలా అమ్మాలో చెప్పినంత వివరంగా, అమ్మిన పాలసీ క్లెయిముగా తిరిగి వచ్చిన రోజున ఏం చేయాలో ఆ తరగతుల్లో చెప్పరు.

అందుకే నెలకొక ఆదివారం శ్రీకాకుళంలోనూ, వీలున్నప్పుడు టెక్కలి, పలాసల్లోనూ తరగతులు నడిపాము. మార్చిలో పెట్టిన తరగతికి కుర్చీలు తప్ప మనుషులు లేరు. టార్గెట్లు మెడ మీద ఉన్న నెలలో అలాంటి ఏర్పాటు చేయడం కార్యవర్గం పొరపాటేనని ఒప్పుకుంటున్నాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు, నింపడానికే ఇచ్చాము. ఫారం నింపడం నేర్చుకోవడానికి ఇన్ని తరగతులా అని కొందరు సభ్యులు అడిగారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పని చేసేవారు మాత్రం ఆ మాట అడగలేదు. ఆ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కనుక, దాన్ని పట్టిచ్చే రక్తపరీక్షలోని క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, దానికి అనుబంధంగా 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటేనే ఆ జబ్బు తీవ్రత తెలుస్తుంది. అటువంటి చోట ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నిటికీ వరుసగా ‘లేదు’ అని టిక్కు పెట్టుకుపోయే అలవాటు ఎంత ప్రమాదమో ఒక సభ్యుడు తన అనుభవంగానే సభలో చెప్పారు. పాలసీదారు తన రక్తపరీక్ష సంగతి చెప్పినా, ఫారం త్వరగా పూర్తవుతుందని ఏజెంటైన ఆ సభ్యుడే రాయలేదట. రెండేళ్లకు ఆ పాలసీదారు చనిపోతే క్లెయిం తిరస్కరణకు గురైంది. తన తప్పును పదిమందిలో చెప్పుకున్న ఆ సభ్యుడికి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు తెలుపుతున్నాను.

బీమా చట్టం 45వ సెక్షన్‌ను ఆ రోజే వాక్యం వాక్యంగా చదివాము. జీవిత బీమా పాలసీని మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీలు లేదు. మూడేళ్లలోపు మోసం కాని తప్పు సమాచారం బయటపడి పాలసీని రద్దు చేస్తే, కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. పాలసీ కుదిర్చిన వ్యక్తిని, ఆ ఒప్పందం ఏర్పడే విషయంలో, కంపెనీ ప్రతినిధిగానే పరిగణించాలని అదే సెక్షన్‌లో ఉన్న వివరణ మాత్రం సభలో పలువురికి కొత్తగా అనిపించింది. పాలసీదారు మనకు చెప్పినది కంపెనీకి చెప్పినట్టే అయినప్పుడు, మనం రాయకుండా వదిలేసినది ఎవరి ఖాతాలోకి పోతుందో సభ్యులు ఆలోచించుకోవాలి.

ఏడాదిలో వచ్చిన మార్పులపై రెండు తరగతులు జరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ తొలగిపోయింది. ఉద్యోగులకు యజమాని తీసుకునే గ్రూపు పాలసీలకు, వాహన బీమాకు ఆ మినహాయింపు వర్తించదని ఖాతాదారులకు స్పష్టంగా చెప్పాలి. 2024లోనే అమలులోకి వచ్చినా చాలామంది సభ్యులు పట్టించుకోని మార్పులను కూడా మళ్లీ వివరించాము. ఒక ఏడాది పూర్తి ప్రీమియం కట్టి ఆ ఏడాది గడిస్తే కొత్త పాలసీలకు సరెండర్ విలువ, అంటే పాలసీని మధ్యలో వదులుకుంటే తిరిగి వచ్చే మొత్తం, రావడం, పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు 30 రోజులు కావడం, ఆరోగ్య బీమాలో ముందే ఉన్న జబ్బులకు క్లెయిం వర్తించడానికి ఆగవలసిన గడువు గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గడం వాటిలో ముఖ్యమైనవి.

మనలో ఎక్కువమంది జీవిత బీమాకే అలవాటు పడ్డాము. అయితే ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీతో పాటు ఇళ్లు, వాహనాల వంటివాటికి బీమా ఇచ్చే ఒక జనరల్ కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి కూడా పని చేయవచ్చు. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి తోటలతో పాటు ఇళ్లూ దుకాణాలూ దెబ్బతిన్న సంగతి మరచిపోయే జిల్లా కాదు మనది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ కంపెనీలూ అమ్ముతున్న, ఇళ్లకు వర్తించే భారత్ గృహ రక్ష, ఐదు కోట్ల రూపాయల వరకు ఆస్తి ఉన్న సంస్థలకు పనికివచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలను పలాస తరగతిలో వివరించాము. జీడి పరిశ్రమ ఉన్న ఊరిలో వీటి పేర్లు కూడా వినని ఏజెంట్లు ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

ముంబయిలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే, బీమా వృత్తిలో తొలి మెట్టు అర్హత అయిన లైసెన్షియేట్ పరీక్షకు సిద్ధమయ్యేవారి కోసం పుస్తకాలు కొన్నాము. ఐసీ–38ను తెలుగులో చదివి వచ్చిన సభ్యులకు ఈ ఇంగ్లీషు పుస్తకాలు కొరుకుడు పడలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కో అధ్యాయాన్ని చదివి మిగిలినవారికి తెలుగులో చెప్పే పద్ధతి కొంత ఫలించింది, కానీ పాఠం చెప్పవలసినవారు రాని రోజున తరగతి ఆగిపోయింది. వైద్యుడితో ఏర్పాటు చేయాలనుకున్న తరగతి కూడా జరగలేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలను సభ ఆమోదానికి పెడుతోంది. ప్రపోజల్ ఫారంలోని ఆరోగ్య ప్రశ్నలను మన జిల్లా మాటల్లో వివరించే చిన్న తెలుగు పుస్తకం ముద్రించాలన్నది మొదటిది. క్లెయిం నిరాకరించిన సందర్భంలో బీమా ఫిర్యాదులను విచారించే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు ఎలా రాయాలో ప్రతి మండలంలో కనీసం ఒక సభ్యుడికి నేర్పాలన్నది రెండవది. వీటికయ్యే ఖర్చు వివరాలు కోశాధికారి పత్రంలో ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి