కలెక్టర్ గారికి, సోంపేట బీల (చిత్తడి నేల) పక్క ఊరి నుంచి

కలెక్టర్ గారూ, నమస్కారం. 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు, అదే రోజు ఢిల్లీలో ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. అంటే ప్లాంటు వస్తే బీల పాడవుతుందని మావాళ్ళు మొత్తుకున్నది నిజమే కదా! ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరిలో, కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద మళ్ళీ తూటాలు. కాల్చినవాళ్ళలో ఎవరికి శిక్ష పడిందో మాకైతే ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మా నాన్న మాత్రం ఆ గొడవలో తన మీద పెట్టిన కేసు వాయిదాలకి ఏళ్ళ తరబడి తిరిగాడు, డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయ పెట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని. ఒకప్పుడు ఆగస్టు 15కి స్కూల్లో జెండా కర్రకి సున్నం వేసేది ఆయనే. ఇప్పుడు మైకులో దేశభక్తి పాట మొదలైతే లేచి పెరట్లోకి వెళ్ళిపోతాడు. ఈసారి జెండా ఎగరేశాక ఆ పాత ఫైళ్ళు ఒకసారి తెప్పించుకుని చూడండి సార్.