ఎకినేసియా అమ్మేవాళ్లు చెప్పని సంగతులు

సంపాదకుల వారికి,

వానలు పట్టాయంటే బెంగళూరులో ఇంటింటా తుమ్ములే. ఆ అదను చూసుకుని మందుల షాపుల్లో, సప్లిమెంట్ దుకాణాల్లో ఎకినేసియా అనే మూలిక క్యాప్సూళ్లను ముందు వరుసలో పెడుతున్నారు. హోమియో షాపుల్లో అదే పేరుతో చుక్కల మందు దొరుకుతుంది. "రోజుకొకటి వేసుకోండి, ఇమ్యూనిటీ పెరుగుతుంది" అంటూ నెలకు సరిపడా సీసా చేతికిస్తున్నారు. హెల్త్ సప్లిమెంట్‌గా అమ్మే డబ్బా మీద 'ఔషధంగా వాడటానికి కాదు' అని ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. డబ్బా ఆ మాట చెబుతుంటే కౌంటర్ దగ్గర మనిషి జలుబు మందని చెబుతున్నాడు. ఈ మూలిక ఎందుకూ పనికిరాదని మేము అనడం లేదు. ఏ రకం, ఏ భాగం, ఎన్నాళ్లు వాడాలి, ఎవరికి కూడదు అన్నవి చెప్పకుండా అమ్మడం మీదే మా అభ్యంతరం.

ఎకినేసియా మన ఆయుర్వేద సంప్రదాయంలోది కాదు, ఉత్తర అమెరికా మైదానాల మొక్క. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. పువ్వు మధ్య బొడిపె ముళ్లముళ్లుగా ఉంటుంది కాబట్టి ముళ్లపందికి గ్రీకులో ఉన్న పేరు దీనికి వచ్చింది. అక్కడి ఆదివాసులు దీని వేరును పంటినొప్పికి, గొంతునొప్పికి, పాముకాటుకు వాడేవారు. 1930ల నుంచి జర్మనీలో తయారీలు మొదలయ్యాక ఐరోపాలో జలుబు మందుగా స్థిరపడింది.

అసలు చిక్కు పేరులోనే ఉంది. మందుకు వాడే ఎకినేసియాలు మూడు: పర్పురియా, అంగుస్టిఫోలియా, పాలిడా. వీటిలోని పదార్థాలు ఒకటి కావు. ఎకినకోసైడ్ అనేది అంగుస్టిఫోలియా, పాలిడా వేర్లలో ఉంటుంది. పర్పురియాలో అది ఉండదు, దానిలో ముఖ్యమైనది చికోరిక్ ఆమ్లం. కాబట్టి ఒకే డబ్బా మీద 'పర్పురియా' అనీ, 'ఎకినకోసైడ్ ఇంత శాతం' అనీ కలిపి రాశారంటే ఆ రెండిట్లో ఒకటి తప్పన్నమాట. పర్పురియా, అంగుస్టిఫోలియా వేర్లలో ఆల్కమైడ్లు కూడా ఉంటాయి. అక్కలకర్ర నమిలితే నాలుక జివ్వుమని మొద్దుబారుతుంది కదా, ఆ గుణం ఇచ్చేది ఈ జాతి పదార్థాలే. అందుకే వేరుతో చేసిన మంచి చుక్కల మందు నాలుక మీద చిమచిమలాడుతుంది. క్యాప్సూల్‌లో ఆపాటి ఆనవాలు కూడా దొరకదు.

పరిమాణం దగ్గరా ఇదే తికమక. '500 మిల్లీగ్రాములు' అని రాస్తే అది ఎండబెట్టి దంచిన పొడా, సారమా? 4:1 సారమైతే 4 గ్రాముల ఎండు మొక్క నుంచి 1 గ్రాము సారం తీశారని అర్థం. అంటే 500 మిల్లీగ్రాముల సారం 2 గ్రాముల మొక్కకు సమానం. పొడి అయితే అర గ్రామే. రెండు డబ్బాల మీదా అంకె ఒకటే అయినా లోపలి సరుకు నాలుగింతలు తేడా.

కల్తీ భయం కూడా ఉత్తది కాదు. అమెరికాలోని డెన్వర్ దుకాణాల్లో కొన్న 59 ఎకినేసియా తయారీలను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆరింట్లో ఆ మొక్క ఆనవాలే లేదు. లేబుల్ మీద రాసిన రకమే లోపలా ఉన్నవి 31 మాత్రమే. పర్పురియా వేరులో కలిపే కల్తీ వేరుగా పేరుపడ్డది పార్థీనియం ఇంటెగ్రిఫోలియం. మన ఖాళీ సైట్లన్నీ ఆక్రమించిన వయ్యారిభామకు (కాంగ్రెస్ గడ్డికి) అది దగ్గరి చుట్టం.

ఇక గుణం సంగతి. వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2014లో 24 ప్రయోగాలను చూసినప్పుడు, వచ్చిన జలుబు ఈ మూలికతో త్వరగా తగ్గుతుందని గట్టిగా తేలలేదు. రాకుండా ఆపడంలో కొద్దిపాటి మేలు ఉండవచ్చని మాత్రం అనిపించింది. అమెరికాలో 2 నుంచి 11 ఏళ్ల లోపు పిల్లలు 407 మందితో చేసిన ప్రయోగంలో జలుబు రోజులు తగ్గలేదు సరికదా, దద్దుర్లు ఎక్కువయ్యాయి. ఉత్తుత్తి మందు ఇచ్చిన జలుబుల్లో 2.7 శాతంలో దద్దుర్లు కనిపిస్తే, ఎకినేసియా ఇచ్చిన వాటిలో 7.1 శాతంలో కనిపించాయి.

ఐరోపా మందుల నియంత్రణ సంస్థ యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ప్రయోగాల ఆధారంగా ఒప్పుకున్నది కూడా చాలా పరిమితం. పూత మీదున్న పర్పురియా మొక్క పైభాగాన్ని పచ్చిగా పిండిన రసం పెద్దలకు రోజుకు 6 నుంచి 9 మిల్లీలీటర్లు, రెండు నుంచి నాలుగు విడతలుగా. తుమ్ములు, గొంతు గరగర మొదలైన వెంటనే ప్రారంభించాలి, 10 రోజులకు మించకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు సిఫార్సు చేయదు. నెలల తరబడి వాడటానికి ఇందులో ఎక్కడా ఆధారం లేదు. ఒక రసానికి వచ్చిన ఫలితం వేరు పొడి నింపిన క్యాప్సూల్‌కు వర్తించదు.

హోమియో మదర్ టింక్చర్ విషయం వేరు. దాన్ని సాధారణంగా అంగుస్టిఫోలియా మొత్తం మొక్కతో, ఆల్కహాల్‌లో తీస్తారు. కాబట్టి అందులో మొక్క సారమూ ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది. పసిపిల్లలకు పట్టకూడదు. మద్యం మానడానికి డైసల్ఫిరామ్ వాడేవాళ్లు దాని జోలికే పోకూడదు. 30, 200 పొటెన్సీ గుళికల్లో మొక్క పదార్థం లెక్కలోకి రానంత తక్కువ. ఇక్కడ చెప్పిన జాగ్రత్తలు వాటి గురించి కావు.

ఎవరికి కూడదన్నది అన్నిటికన్నా ముఖ్యం. రోగనిరోధక వ్యవస్థను కదిలిస్తుందని పేరున్న మందును, ఆ వ్యవస్థే అదుపుతప్పిన మనిషికి ఇవ్వకూడదు. లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవారు, టీబీ, సార్కాయిడోసిస్ ఉన్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు, తెల్లరక్తకణాల జబ్బులు ఉన్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు దూరంగా ఉండాలి. కిడ్నీ, కాలేయ మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మింగుతున్నవారు మరీ జాగ్రత్త: వాళ్లు అణచి ఉంచాలనుకుంటున్న శక్తినే ఈ మందు లేపుతుందంటున్నారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు భద్రమని చెప్పడానికి సరిపడా సమాచారం లేదు కాబట్టి మానడమే మంచిది. కెఫీన్‌ను విరిచే కాలేయ ఎంజైమ్‌ను ఇది నెమ్మదింపజేస్తుంది. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ కూడా చాలావరకు ఆ దారిలోనే ఖర్చవుతుంది. దాని మోతాదు కాస్త పెరిగినా వాంతులు, గుండెదడ వస్తాయి, అందుకే రెండూ కలపకూడదు.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త మరొకటి ఉంది. ఇక్కడ వయ్యారిభామ పడక చర్మం ఎర్రబడి, దురదపెట్టి, మందంగా నల్లబడినవాళ్లు, ఆ పుప్పొడికి ముక్కు కారి ఆయాసపడేవాళ్లు వీధికొకరు ఉంటారు. చామంతి దండ తాకితే చేతులు పొక్కేవాళ్లూ ఉన్నారు. ఆ మొక్కలదీ ఎకినేసియాదీ ఒకటే కుటుంబం. ఇలాంటి వారికి ఎకినేసియాతో దద్దుర్లు, పెదవుల వాపు, ఉబ్బసం పోటు రావచ్చు. అరుదుగా ప్రాణం మీదకు తెచ్చే తీవ్ర అలర్జీ, అనాఫిలాక్సిస్ కూడా నమోదైంది. "అక్కా, మీకు కాంగ్రెస్ గడ్డి పడదా?" అని అమ్మేవాళ్లు ఒక్కసారి అడగడానికి అర నిమిషం పట్టదు.

కాబట్టి అధికారులను మేము కోరేది ఇది. డబ్బా ముఖం మీద మొక్క పూర్తి శాస్త్రీయ నామం, వేరా పైభాగమా, పొడా సారమా, సారమైతే ఎన్ని పాళ్లకు ఒక పాలు అన్నవి కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలి. 10 రోజుల హద్దూ, కూడనివారి జాబితా కన్నడంలో, ఇంగ్లీషులో రాయించాలి. ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో కౌంటర్ మీద తెలుగు చీటీ కూడా పెట్టించగలిగితే మేలు. 'ఔషధంగా కాదు' అని రాసిన సరుకును జలుబు మందని నోటిమాటగా అమ్మే షాపులపై తనిఖీలు జరగాలి.

పాఠకులకు ఒక మాట. మూడో రోజుకీ జ్వరం దిగకపోయినా, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా నొప్పులు ఉన్నా క్యాప్సూల్ కోసం చూడకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లి డెంగీ పరీక్ష చేయించుకోండి. మూలిక వేసుకున్నాక దద్దుర్లు వస్తే వెంటనే ఆపండి. పెదవులు వాచినా, ఊపిరాడకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. సీసా పారేయకండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత ఫోను 1800-180-3024కు రోగి అయినా, బంధువైనా చెప్పవచ్చు. మూలికల ఫిర్యాదులనూ వాళ్లు తీసుకుంటారు.

ఇట్లు,
ఔషధ మొక్కల శాస్త్రం బోధించే ఇద్దరు ఫార్మసీ అధ్యాపకులు,
కృష్ణరాజపురం, బెంగళూరు